నూట అరవై శాతం

శనివారం పొద్దున నరేశ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానానికి ముందే బ్యాటరీకి వైర్‌లెస్ బోర్డొకటి బిగించాలి, టిఫిన్ తిని ఆబిడ్స్‌లో తాను పనిచేసే స్టేషనరీ దుకాణానికి వెళ్ళాలి, అక్కడ నోటుపుస్తకాలు అమ్ముతూ నాంపల్లిలోని తన ఇంట్లో బ్యాటరీ ఎంత మిగిలిందో ఫోన్లో చూసుకోవాలి. ఇందులో ఎవరికైనా హాని ఉందంటే నమ్మబుద్ధి కాదు. నరేశ్ కూడా నమ్మలేదు.

ఆ బ్యాటరీ బజార్లో కొన్నది కాదు. పాడైపోయిన ఎలక్ట్రిక్ స్కూటర్లలోంచి ఊడదీసిన సెల్స్‌లో ఇంకా కాస్త ప్రాణమున్నవాటిని ఏరి, ఒకదానికొకటి అతికి, బియ్యం డబ్బా అంత ఇనప్పెట్టెలో పేర్చి, రెండేళ్ళ ఆదివారాలన్నీ ధారపోసి నరేశ్ సొంతంగా కట్టుకున్నది. సెల్స్ మితిమీరి నిండకుండా, మరీ ఎండిపోకుండా కాపలా కాసే సర్క్యూట్ ఒకటి అందులో ఉంది. పక్కన ఇన్వర్టర్, మేడ మీద ఒక సోలార్ పలక. వీడియోలు చూసి ఇంత పని నేర్చుకున్న మనిషిని మెచ్చుకోవలసిందే. మెచ్చుకున్నది మాత్రం అతని తల్లి కిష్టవ్వ ఒక్కతే. భార్య చంద్రిక మెచ్చుకోలేదు గానీ, కరెంటు పోయినా తన కుట్టు మిషన్ మోటారు ఆగడం లేదని గమనించి, ఆదివారాల గురించి దెప్పడం మానేసింది. సుల్తాన్ బజార్ దుకాణాలకు ఆమె కుట్టే జాకెట్ల మీదే ఆ ఇల్లు సగం నడుస్తుంది.

బొత్తిగా మెచ్చనివాడు ఇంటి ఓనరు గోపాలరావు. ఆయన తండ్రి తెనాలి నుంచి ఉద్యోగం మీద హైదరాబాద్ వచ్చి, నాంపల్లి స్టేషన్ దగ్గరి సందులో ఈ మేడ కట్టాడు. గోపాలరావు అందులోనే పుట్టి పెరిగి, ఆడిట్ శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. అంకె కనిపిస్తే నమ్ముతాడు, మనిషి కనిపిస్తే అనుమానిస్తాడు. ఎక్కడో స్కూటర్ బ్యాటరీ అంటుకుందని పేపర్లో చదివినప్పటినుంచీ, పై వాటాలో అలాంటి సెల్స్ పెట్టె నిండా ఉన్నాయన్న తలపు ఆయనకు కంటి మీద కునుకు రానివ్వలేదు.

"చూడవయ్యా నరేశ్," అన్నాడాయన గురువారం నాడు మెట్ల దగ్గర ఆపి. "శనివారం లైన్ల పనుందని పదింటి నుంచి నాలుగింటి దాకా కరెంటు తీసేస్తారట. ఆ ఆరు గంటలూ నీ డబ్బా మీ వాటాకీ, కింద మా హాలుకీ ఆగకుండా కరెంటివ్వాలి. ఇచ్చిందా, ఉంచుకో, ఇక నేను మాట్లాడను. మధ్యలో ఆగిందా, సాయంత్రానికల్లా బయట పారెయ్యి. పారెయ్యనంటే మీరే వేరే ఇల్లు చూసుకోండి."

"ఆగది సార్," అన్నాడు నరేశ్. ఆ మాట అన్నంత తేలికగా రాత్రి నిద్ర పట్టలేదు. పైగా బడులు తెరిచే రోజులు కావడంతో దుకాణం సేటు సెలవివ్వనన్నాడు. అందుకే ఈ వైర్‌లెస్.

అది అగ్గిపెట్టెంత బోర్డు. దానికో క్లిప్. పెట్టెలోంచి వచ్చే లావు వైరును ఆ క్లిప్ చుట్టూ పట్టుకుని, లోపలికి వచ్చిన కరెంటును కలుపుతూ, బయటికి పోయినదాన్ని తీసేస్తూ, ఇంకా ఎంత శాతం ఉందో ఫోనుకు చెబుతుంది. ఎటు లోపలో ఎటు బయటో దానికి తెలియడానికి క్లిప్ మీద ఒక బాణం గుర్తు ఉంది. బాణం పెట్టె వైపు చూడాలని నరేశ్‌కు తెలుసు. సరిగ్గా బిగించబోతుండగా వంటింట్లోంచి కిష్టవ్వ వచ్చింది.

"చాయ్ సల్లగైతున్నది నరేశూ. మల్ల వేడి జెయ్యమంటె నాతోని గాదు."

నరేశ్ ఒక చేత్తో గ్లాసందుకుని, రెండో చేత్తో క్లిప్ మూశాడు. బాణం పెట్టెకు వీపు పెట్టి, వీధి వైపు తిరిగి కూర్చుంది. ఆ సంగతి ఆ గదిలో ఎవరికీ తెలియలేదు.

మీటరుతో కొలిచి, ప్రస్తుతం ఎనభై శాతం ఉందని బోర్డుకు చెప్పాడు. తన పాత ఫోనొకటి ముందు గదిలో క్యాలెండర్ పక్కన మేకుకు తగిలించాడు. దాని నిండా పెద్ద అక్షరాలతో 80 అని వెలిగింది.

"ఇగో అమ్మా, గీ అంకె చూస్తుండు. ముప్పైకి వచ్చిందనుకో, నాకు ఫోన్ జెయ్యి."

కిష్టవ్వ లోపలి గదిలో ఉన్న పెట్టెను చూసింది. గోడ మీద ఫోనును చూసింది. మధ్యలో ఏమీ లేని చోటును ఇంకా శ్రద్ధగా చూసింది.

"నడుమ తీగ లేదు కద బిడ్డా?"

"లేదమ్మా. గాలిల వస్తది."

"గాలిలనా!" అంది కిష్టవ్వ. ఆమె కళ్ళు నిజంగానే తడిశాయి. తన కొడుకు గాలి చేత లెక్కలు చెప్పిస్తున్నాడు. ఆ క్షణం నుంచి ఆమె పెట్టెకూ ఫోనుకూ మధ్య నడవడం మానేసి, దేవుడి ముందు అడ్డం పోనట్టు, వంటిల్లు చుట్టి తిరగడం మొదలుపెట్టింది.

నరేశ్ పోతూ పోతూ రెండు మాటలు చెప్పాడు. ఒకటి, పది కొట్టగానే చంద్రిక పెట్టె స్విచ్ వెయ్యాలి. రెండోది, ఈ ఒక్కరోజు ఎవరికీ వైరివ్వకూడదు. రెండో మాటే కష్టమైనది. ఆ సందులో కరెంటు పోతే, ఉన్నవాళ్ళు లేనివాళ్ళకు బాల్కనీలోంచి వైరు వేలాడదీయడం పాలలోకి తోడిచ్చినంత మామూలు. అడిగినవాళ్ళకు లేదంటే ఇంటి పరువు పోయినట్టే. కిష్టవ్వ మొహం చిన్నబోయింది, అయినా సరేనంది.

పది గంటలకు సందులో ఫ్యాన్లన్నీ ఆగాయి. పై వాటాలోనూ, గోపాలరావు హాల్లోనూ మాత్రం తిరిగాయి. చంద్రిక మిషన్ ముందు కూర్చుంది. ఆబిడ్స్‌లో నరేశ్ ఒక చేత్తో జామెట్రీ బాక్సులు తీస్తూ, రెండో చేత్తో కౌంటర్ కింద ఫోన్ పట్టుకున్నాడు. డెబ్భై తొమ్మిది అవుతుందని చూస్తూ ఉన్నాడు. ఎనభై ఒకటయింది. కాసేపటికి ఎనభై రెండయింది.

మామూలు మనిషయితే బోర్డును అనుమానించేవాడు. కానీ రెండేళ్ళు ఆదివారాలు పోసినవాడు ముందుగా తన గొప్పతనాన్నే నమ్ముతాడు. బయట ఎండ పెటపెటలాడుతోంది. మేడ మీద పలక ఖర్చుకు మించి సంపాదిస్తోందని నరేశ్ తేల్చుకున్నాడు. ఆనందం ఆపుకోలేక సేటుకు చెప్పేశాడు.

"సేట్, ఇంట్ల ఫ్యాన్లు తిరుగుతున్నయ్, మిషన్ నడుస్తున్నది, మల్ల బ్యాటరీ నిండుతనే ఉన్నది!"

"అమ్ముతుంటె మాల్ పెరిగే దుకాణం ఏడన్న ఉంటె చెప్పు భాయ్," అన్నాడు సేటు. "గిది బంద్ జేసి గాడికే పోత. అప్పటిదాంక ఆ మేడంకు పెన్సిళ్ళియ్యి."

అదే సమయంలో నాంపల్లిలో కిష్టవ్వ రెప్ప వెయ్యకుండా అంకెను చూస్తోంది. చూడగా చూడగా ఆమెకొక సంగతి తట్టింది.

"చంద్రికా, నువ్వు మిషన్ ఆపి దారమెక్కిస్తున్నప్పుడు అంకె నిలవడ్తున్నది. మిషన్ నడిపితె పెరుగుతున్నది."

"గట్లెట్లయితది అత్తమ్మా?" అని చంద్రిక నవ్వింది. అయినా పరీక్షించడానికి ఇస్త్రీపెట్టె పెట్టి, కుట్టిన జాకెట్లు మడత వెయ్యసాగింది. రెండు జాకెట్లు అయ్యేసరికి అంకె ఒకటి పెరిగింది. ఇంకో రెండయ్యేసరికి ఇంకొకటి. చంద్రిక నవ్వు ఆగిపోయింది. ఇద్దరూ ఆ ఫోను ముందు నిలబడ్డారు. చిన్నప్పుడు ఊరి వాగులో ఇసుక తవ్వి చేసిన చెలిమె కిష్టవ్వకు గుర్తొచ్చింది. కడవతో తీసుకున్నప్పుడల్లా అంతకంత నీళ్ళు అడుగునుంచి వచ్చేవి. ఇది కరెంటు చెలిమె అని ఆమె నిశ్చయించుకుంది.

కింద మెట్ల దగ్గర పరశురాం ఇస్త్రీ దుకాణం. కరెంటు లేక, బట్టల మూట మీద మోచెయ్యి ఆనించి కూర్చున్నాడు. అప్పటికే అతను వైరడిగితే కిష్టవ్వ తన జన్మలో మొదటిసారి లేదంది. అది ఆమెకు పొద్దుటి నుంచీ ముల్లులా గుచ్చుకుంటోంది. ఆమె కొడుక్కి ఫోన్ చేసింది.

"నరేశూ, కరెంటు వాడితె అంకె తగ్గుతలేదు, పెరుగుతున్నది. పరశురాంకు ఇయ్యాల్నా వద్దా?"

నరేశ్ చూశాడు. తొంభై ఒకటి. నవాబులు దానాలు చేసేటప్పుడు ఎలా ఉండేదో ఆ క్షణాన అతనికి అర్థమయింది.

"ఇయ్యమ్మా. ఎవ్వరడిగితె వాళ్ళకియ్యి. ఫికర్ జెయ్యకు, ఎండ మస్తున్నది."

వైరు పరశురాంకు దిగింది. అక్కడినుంచి పక్కింట్లో పూలు కట్టే పూలమ్మ ఫ్రిజ్జుకు పాకింది. ఎదురింటి కూలరుకు దాటింది. అంకె ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ తొంభై ఐదయింది, తొంభై ఎనిమిదయింది, నూరయింది. ఆబిడ్స్‌లో నరేశ్ ఛాతీ ఉప్పొంగింది. అప్పుడు నూట ఒకటయింది.

నూరుకు మించితే ఆగమని బోర్డుకు చెప్పే ముక్క నరేశ్ దాని ప్రోగ్రాములో రాయలేదు. నూరుకు మించడమన్నది ఉంటుందని అతనికి తోచలేదు మరి. ఇప్పుడు ఆ ఒకటి చూడగానే ఒళ్ళు చల్లబడింది. నిండిన సెల్‌లోకి ఇంకా కరెంటు పోతే అది ఉబ్బుతుంది. ఉబ్బింది అంటుకుంటుంది. ఆపవలసిన కాపలా సర్క్యూట్ చచ్చిపోయిందన్నమాట. గోపాలరావు పేపర్లో చదివింది నరేశ్ కూడా చదివాడు, ఫోటోతో సహా.

"చంద్రికా! సోలార్ పలక మీద దుప్పటి గప్పు. జల్ది. ఇంట్ల ఏమేమున్నయో అన్ని వెయ్యి. పెట్టెల కరెంటంత తాగెయ్యాలె."

"పొద్దుగాల ఎవ్వలకు ఇయ్యొద్దంటివి. ఇప్పుడు తాగెయ్యాలంటివి. ఏమైంది నీకు?"

"అడగకు. పెట్టె ఉన్న అర్రకు బయట గొళ్ళెం పెట్టు, లోపటికి ఎవ్వరు పోవద్దు. సారుకు మాత్రం చెప్పకు."

చంద్రిక దుప్పటి పట్టుకుని మేడ మీదికి పరుగెత్తింది. పలక మీద ఎండ పడకుండా నాలుగు మూలలా ఇటుకలు పెట్టి కప్పింది. దాంతో పలక ఇస్తున్న ఆ కాస్త ఆసరా కూడా పోయి, పెట్టెలోంచి కరెంటు మరింత జోరుగా బయటికి పోసాగింది. తలకిందుల క్లిప్ దాన్ని మరింత జోరుగా లోపలికి వచ్చినట్టు లెక్కగట్టింది. అంకె నూట పది దాటింది.

"దుప్పటి కప్పినంక ఇంక జోరందుకున్నది," అని చంద్రిక ఫోన్లో చెబుతుంటే ఆమె గొంతు తగ్గిపోయింది. "ఎండ లేకుండ గూడ నిండుతున్నది. నాకు భయమైతుంది."

నరేశ్‌కు అంతకంటే ఎక్కువే భయమైంది. భయంతో పాటు ఇంకేదో కూడా అయింది. తాను చేసింది తన లెక్కకు అందడం లేదు. దాన్ని చూసి దండం పెట్టాలో, పారిపోవాలో తెలియడం లేదు.

"అందర్ని పిలువు. ఏదుంటె అది తెచ్చుకొమ్మను," అన్నాడు. తర్వాత సేటు వైపు తిరిగాడు. "నేను ఇంటికి పోవాలె సేట్."

"ఏమైంది? ఇల్లు కాలుతున్నదా?"

"ఇంకా లేదు సేట్."

సేటు ఆ జవాబు అర్థం చేసుకునేలోపు నరేశ్ రోడ్డు మీద ఉన్నాడు. ఆటో ఎక్కాడు గానీ స్టేషన్ రోడ్డు మీద బళ్ళు కదలడం లేదు. ఆటో దిగి పరుగందుకున్నాడు. నాలుగడుగులకొకసారి ఫోన్ చూసుకున్నాడు. నూట ఇరవై రెండు. నూట ఇరవై ఐదు. చూసినప్పుడల్లా వేగం పెంచాడు. స్టేషన్‌కు వెళ్ళే ఒక పెద్దమనిషి అతనికి రైలు పోతోందనుకుని జాలిపడి దారిచ్చాడు.

చంద్రిక పిలిచింది. ఉచితంగా కరెంటు తీసుకుపొమ్మని ఎవరైనా పిలిస్తే ఏ సందు ఆగుతుంది? పరశురాం రెండో ఇస్త్రీపెట్టె తెచ్చుకున్నాడు. కింది నుంచి గోపాలరావు భార్య జానకి తడిపిండి గ్రైండరు మోయించుకొచ్చింది.

"ఎలాగూ రేపు ఆదివారం కదమ్మా, ఇడ్లీకి రుబ్బేసుకుంటాను. అయ్యో, పప్పు ఇంకాస్త నానబెట్టినా బావుండేది," అంది జానకి ముందు గదిలో చతికిలబడుతూ.

ఆ వెనకే గోపాలరావు వచ్చాడు. పై వాటాలో ఈ సందడేమిటో చూసి మందలించడానికి వచ్చాడు. గోడ మీద నూట ముప్ఫై కనిపించింది. మందలింపు నోట్లోనే ఆగింది.

"ఇదేమిటి?"

"బ్యాటరీ సారూ," అంది కిష్టవ్వ. "వాడిన కొద్ది నిండుతున్నది. నా కొడుకు చేసిండు."

"నూరుకు నూట ముప్ఫైయా? కుదరదే! జానకీ, ఆ గ్రైండరాపు."

గ్రైండరాగింది. అంకె నెమ్మదించింది.

"వెయ్యి."

గ్రైండరు గిరగిరా తిరిగింది. నూట ముప్ఫై ఒకటి. పరశురాం చేత ఇస్త్రీపెట్టెలు ఆపించాడు, వేయించాడు. ఎదురింటి కూలరు ఆపించాడు, వేయించాడు. ఎన్నిసార్లు చూసినా లెక్క ఒక్కటే. గోపాలరావు కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నా సర్వీసంతా లెక్కలు చూశానమ్మా," అన్నాడు చంద్రికతో, గొంతు బాగా తగ్గించి. "ఖర్చు చేస్తే తరిగే ఖాతాలు చూశాను. ఖర్చు చెయ్యకుండానే తరిగే ఖాతాలు ఇంకా ఎక్కువ చూశాను. ఖర్చు పెడితే పెరిగే ఖాతా ఇదొక్కటే."

చంద్రిక తల వంచుకుంది. సారుకు చెప్పవద్దని భర్త అన్నాడు. సారు కుర్చీ వేసుకుని గొళ్ళెం పెట్టిన తలుపుకు మూరెడు దూరంలో కూర్చున్నాడు. ఏం చెయ్యాలో తోచక అందరికీ మజ్జిగ ఇచ్చింది. పూలమ్మ మూరెడు మల్లెపూలు తెచ్చి ఫోను చుట్టూ చుట్టింది. ఇన్వర్టర్ మోయలేని మోత మోస్తూ గుయ్యిమంటోంది. నూట నలభై దాటాక ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. గుమ్మంలో చెప్పులు విడిచి వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు.

నరేశ్ సందు మొగలో అడుగు పెట్టేసరికి అతని బాల్కనీలోంచి వైర్లు జడపాయల్లా నాలుగు దిక్కులకూ పోయి ఉన్నాయి. మెట్లెక్కాడు. గది నిండా మనుషులు. గోడ మీద మల్లెపూల మధ్య నూట యాభై ఎనిమిది.

"బయటికి పోండ్రి!" అని అరిచాడు. "అందరు బయటికి పోండ్రి!"

ఎవరూ కదల్లేదు. జానకి నొచ్చుకుంది.

"అదేమిటి నరేశ్? మీ ఆవిడ పిలిస్తేనే వచ్చాం. ఒక్క వాయి పిండికే ఇంత కోపమా?"

"గాదమ్మా, అది పేలుతది!"

"పెరుగుతది," అని కిష్టవ్వ సరిదిద్దింది.

నరేశ్ గొళ్ళెం తీసి లోపలికి దూకాడు. వెంట చంద్రిక పోబోతే చేత్తో ఆపి తలుపు దగ్గరగా వేశాడు. పెట్టె మీద అరచెయ్యి పెట్టాడు. గోరువెచ్చగా ఉంది, అంతే. మూత తీశాడు. ఏ సెల్లూ ఉబ్బలేదు. మీటరు ముళ్ళు ఆనించాడు. మొదటి సెల్ ఖాళీ. రెండోది ఖాళీ. వరసగా అన్నీ, అడుగంటిన కుండల్లా ఖాళీ. అతను మీటరును అనుమానించి దులుపుతుండగా పెట్టెలో టిక్కుమని చిన్న చప్పుడయింది. ఎండిపోయిన సెల్స్‌ను ఇంకా పిండకుండా కాపలా సర్క్యూట్ తన పని తాను చేసింది.

ఫ్యాన్లు ఆగాయి. గ్రైండరు ఆగింది. ఇన్వర్టర్ మూలుగు ఆగింది. సందంతా చప్పుడు పోయింది. గోడ మీద పాత ఫోను ఒక్కటి, తన సొంత ఛార్జింగ్ మీద, ఆఖరుగా విన్న అంకెను పట్టుకుని వెలుగుతోంది. నూట అరవై.

నరేశ్ అప్పుడు క్లిప్‌ను చూశాడు. బాణాన్ని చూశాడు. బాణం వీధి వైపు చూస్తోంది. ఎనభై నుంచి ఎనభై తీస్తే సున్నా. ఎనభైకి ఎనభై కలిపితే నూట అరవై. అతను అక్కడే నేల మీద కూలబడ్డాడు.

ముందు సిగ్గేసింది. నిండిపోతోందని భయపడి, చేతులారా ఊరంతటినీ పిలిచి పెట్టెను ఎండబెట్టించాడు. నాలుగింటి దాకా నడవాల్సింది ఒంటిగంటన్నరకే ఆగింది. సాయంత్రానికి పెట్టె వీధిలో ఉంటుంది. చంద్రిక మిషన్ మళ్ళీ కరెంటు కోసం కాచుక్కూర్చుంటుంది. ఆ తలపుతో అతనికి ఏడుపొచ్చింది. ఏడుపు మధ్యలోనే ఇంకో తలపు వచ్చి అతన్ని కదలనివ్వలేదు. ఎవరో పనికిరావని పారేసిన సెల్స్ ఇవి. రెండు ఇస్త్రీపెట్టెలు, గ్రైండరు, కూలర్లు, ఫ్రిజ్జు, ఇన్ని ఇళ్ళ ఫ్యాన్లు, అన్నింటినీ మోశాయి. ఒక్కటీ ఉబ్బలేదు, ఒక్కటీ పొగ కక్కలేదు. చివరి బొట్టు దాకా ఇచ్చి, ఇక చాలనుకున్న చోట మర్యాదగా ఆగాయి. నరేశ్ పెట్టె మీద మళ్ళీ చెయ్యి పెట్టాడు. ఈసారి భయంతో కాదు.

కళ్ళు తుడుచుకుని బయటికి వచ్చాడు. గది గదంతా అతన్నే చూస్తోంది.

"ఇంతసేపు మంచిగనే నడిచె," అన్నాడు పరశురాం నిష్ఠూరంగా. "నువ్వు కాలువెట్టినవ్, ఆగిపాయె."

"తప్పు నాదే అన్నా. సార్, మీకొక మాట చెప్పాలె." నరేశ్ గోపాలరావు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఆ అంకె అబద్ధం. నేను క్లిప్ ఉల్టా పెట్టిన. కరెంటు బయటికి పోతుంటె లోపటికి వస్తున్నట్టు చూపెట్టింది. పెట్టె నిండలే, ఖాళీ అయింది. మీరు నాలుగింటి దాంక అన్నరు, నడవలే. మాట ప్రకారం సాయంత్రం తీసేస్త."

గోపాలరావు కళ్ళజోడు సవరించుకున్నాడు. గోడ మీది అంకెను చూశాడు, అతన్ని చూశాడు. ఆయన జీవితంలో అంకె ఒక వైపు, మనిషి ఒక వైపు నిలబడ్డ సందర్భాలు చాలా ఉన్నాయి. ఆయన ఎటు నిలబడతాడో అందరికీ తెలుసు.

"అయితే పెట్టెలో ఇప్పుడేమీ లేదంటావు?"

"ఏం లేదు సార్. సున్నా."

"ఏమీ లేనిదే ఇందాకటి దాకా ఇంత పని చేసిందా? మా ఆవిడ పిండి రుబ్బింది. పరశురాం మూట మూటంతా ఇస్త్రీ చేశాడు. ఇవన్నీ నేను కళ్ళారా చూశాను. ఇంత చేసేది ఈ డబ్బాలో ఎక్కణ్ణుంచి వచ్చిందయ్యా?"

నరేశ్ నిజమే చెప్పాడు.

"నాకు గూడ సమజైతలేదు సార్. కట్టినోన్ని నేనే, అయినా సమజైతలేదు."

ఆ ఒక్క మాటా గోపాలరావును గెలిచింది. ఆయన లేచి నిలబడ్డాడు.

"విను. తీసేస్తానన్నావు చూడు, ఆ మాట ఇంకోసారి అనకు. నువ్వు వేరే ఇల్లు చూసుకుంటానంటే నీ ఇష్టం, నేను ఆపను. ఆ డబ్బా మాత్రం ఈ ఇంట్లోంచి కదలడానికి వీల్లేదు."

చంద్రిక మొదటిసారి ఊపిరి పీల్చుకుంది. పక్కకు తిరిగి కొంగుతో కళ్ళొత్తుకుంది. కిష్టవ్వ కొడుకు తల నిమిరింది. నరేశ్ ఆయనకు దండం పెట్టాడు. ఇంతటి దయకు బదులుగా కనీసం లెక్కయినా సరిచేద్దామని వెనక్కి తిరిగాడు.

"ఉండుండ్రి, క్లిప్ సీదా తిప్పి పెట్టొస్త."

"ముట్టకు!" గదిలో అందరూ ఒక్కసారే అరిచారు. పరశురాం వెళ్ళి తలుపుకు అడ్డం నిలబడ్డాడు. నూట అరవై ఉన్నదాన్ని సున్నా చేస్తానంటున్న మనిషిని, ఎంత కట్టినవాడైనా, దాని దగ్గరికి పోనివ్వకూడదని అక్కడికక్కడే తీర్మానమయింది. గోపాలరావు తన చేతులతో బయట గొళ్ళెం పెట్టాడు. చంద్రిక మాత్రం మేడ మీదికి పోయి దుప్పటి తీసుకొచ్చింది. దాని మీద ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

సాయంత్రం కరెంటొచ్చింది. అందాకా ఆగిపోయి పలక కరెంటును కూడా పెట్టెలోకి రానివ్వని ఇన్వర్టర్, ఎప్పటిలాగే తనంతట తాను పెట్టెను నింపడం మొదలుపెట్టింది. బోర్డు మేలుకుని, వదిలిన చోటినుంచే తలకిందుల లెక్క అందుకుంది. గోడ మీద నూట యాభై తొమ్మిదయింది. నూట యాభై ఎనిమిదయింది.

"సారూ! అంకె పడిపోతున్నది!" కిష్టవ్వ కేక మెట్ల కిందికి వినిపించింది.

గోపాలరావు రెండేసి మెట్లెక్కి వచ్చాడు. వచ్చేసరికి నూట యాభై ఏడు.

"అది నిండుతున్నది సార్," అన్నాడు నరేశ్ మూల నుంచి. "నిజంగ నిండుతున్నది."

అతని మాట ఎవరూ వినిపించుకోలేదు. ఇన్ని ఇళ్ళు పిండినా తరగనిది, వచ్చిన కరెంటు ముట్టుకోగానే తరిగిపోతోంది. ప్రభుత్వ కరెంటు తమ కరెంటును తాగేస్తోందని సందంతా ఏకాభిప్రాయానికి వచ్చింది. గోపాలరావు ఫోన్ తీసి కరెంటు ఆఫీసుకు చేశాడు. అవతలి ఉద్యోగి ఓపికగా అంతా విని, ఫిర్యాదు ఏమని రాసుకోవాలో మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు.

"కరెంటు వచ్చిందని రాసుకోండి," అన్నాడు గోపాలరావు.